పికప్పు బండి సైలెన్సరు: సభ్యులకొక మనవి

ఎద్దుబండి యిరుసునకు కందెన పెట్టుట మన పెద్దలెన్నడును మఱువలేదు. కిఱ్ఱుమని మొఱపెట్టు బండి ఎద్దుల బలమును హరించునని వారెఱుగుదురు. కావుననే చప్పుడు లేక సాగు బండిని మంచి బండి యనిరి. నేడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో ఎద్దుబండి చేయు పనిని చాలవఱకు పికప్పు బండ్లును చిన్న ట్రాలీ బండ్లును చేయుచున్నవి. మిర్చి బస్తాలు, పత్తి, వడ్లు, ఎరువులు, కూరగాయలు అన్నియు వీనిమీదనే కదలుచున్నవి. ఇది మేలే. కాని పెద్దల తెలివి మాత్రము తలక్రిందులైనది. ఎంత బిగ్గరగా ఉఱిమిన అంత బలమైన బండియని కొందఱు యువకులు తలచి, కంపెనీవారమర్చిన సైలెన్సరును కోయించి, బజారులో దొరకు వేఱొక గొట్టమును బిగించుకొనుచున్నారు. మఱికొందఱు చప్పుడు కోరిక లేకున్నను, పాతది తుప్పుపట్టినందునను, డాషుబోర్డుపై దీపము వెలిగినందునను, షెడ్డువాని మాట నమ్మి ఏదో యొకటి వేయించుకొనుచున్నారు. ఈ రెండవ తరగతివారే మన సంఘములలో ఎక్కువ. వారి కొఱకే యీ వ్యాసము.

నా యభిప్రాయమును ముందుగనే చెప్పెదను. సైలెన్సరు మార్పించుట తప్పు కాదు. పాడైనప్పుడు మార్పించియే తీరవలయును. కాని దానిని అలంకారముగా గాక ఇంజనులో నొక భాగముగా నెంచి, కంపెనీ కొలతలకు సరిపోవు దానినే యెన్నుకొనవలయును. పొగను శుద్ధిచేయు భాగమును ఎవరెంత చెప్పినను తీసివేయరాదు. దీనికగు ఖర్చు ఒంటరి రైతుకు భారమైనచో, ఆ భారమును తేలిక చేయు మార్గము మన సహకార సంఘమునందే యున్నది.

ఇంజను నుండి వెనుకకు పోవు గొట్టమును, నడుమనుండు డబ్బాను కలిపి మనవారు సైలెన్సరు అనుచున్నారు. 1897లో అమెరికా దేశమున ఇండియానా రాష్ట్రమునకు చెందిన రీవ్స్ సోదరులు ఇట్టి సాధనమునకు పేటెంటు పొందినప్పుడు దాని పని చప్పుడు నణచుట మాత్రమే. నేడు దానికి మూడు పనులు గలవు. చప్పుడు నణచుట మొదటిది. విషవాయువులను క్యాబిను క్రింద నిలువనీయక దూరముగా విడుచుట రెండవది. పొగలోని మసిని, విషమును తగ్గించుట మూడవది. బజారులో గొట్టము నమ్మువాడు మొదటి పనిని చెడగొట్టి దానికే వెల పుచ్చుకొనును. తక్కిన రెండింటి మాట యెత్తడు.

గొట్టము వెడల్పైన బండి లాగుడు పెరుగునని చెప్పుదురు. ఈ మాట మొత్తముగా అబద్ధము కాదు. పొగ బయటికి పోవుట కష్టమైనచో ఇంజను బలములో కొంత దానిని నెట్టుటకే వ్యయమగును. టర్బో గల డీజిలు ఇంజనులో అడ్డు తగ్గిన కొంత మేలు కలుగును. కాని ఆ మేలు ఇంజను మిక్కిలి వేగముగ తిరుగుచు విస్తారముగ పొగ విడుచునప్పుడే కానవచ్చును. బస్తాలతో నిండి చెఱువుకట్టమీద మెల్లగ సాగు బండికి కంపెనీ గొట్టము వెడల్పే చాలును. అంతియెగాక, నేటి ఇంజనులో ఎంత డీజిలు పోవలయునో నిర్ణయించునది కంప్యూటరు పెట్టె. గొట్టము మార్చినంత మాత్రమున బరువు లాగుటకు అదనపు డీజిలు రాదు. టర్బో లేని చిన్న పెట్రోలు బండ్లలో గొట్టము పొడవు, వెడల్పు ఇంజనుకు తగినట్లు కుదిర్చి యుందురు. దానిని మితిమీఱి వెడల్పు చేసిన తక్కువ వేగమున లాగుడు తగ్గుటయు కలదు.

బండి లాగుట లేదని తోచినప్పుడు సైలెన్సరును నిందించుటకు ముందు గాలి ఫిల్టరును విప్పి చూడుడు. మన మట్టిదారుల దుమ్ము దానిని పూడ్చివేయును. తరువాత డీజిలు ఫిల్టరు, టైర్లలో గాలి, క్లచ్చి, ఇంజెక్టర్లు చూపింపుడు. తక్కువ ఖర్చుతో పోవు రోగమునకు ఎక్కువ ఖర్చు వైద్యమెందుకు?

మైలేజి పెరుగునను మాటను లెక్కవేసి చూతము. రోజునకు 60 కిలోమీటర్లు తిరుగు బండి లీటరునకు 12 కిలోమీటర్లు ఇచ్చుననుకొనుడు. అనగా 5 లీటర్లు. లెక్క సుళువునకై లీటరు 100 రూపాయలని తీసికొన్న 500 రూపాయలు. క్రొత్త గొట్టము వలన నూటికి 2 వంతులు మిగులునని వాదమునకు ఒప్పుకొందము. రోజునకు మిగులునది 10 రూపాయలు. ఏడాదిలో 200 రోజులు బండి తిరిగిన 2,000 రూపాయలు. దీనిలోనుండి గొట్టము వెల, వెల్డింగు కూలి, షెడ్డులో బండి నిలిచిన దినముల కిరాయి నష్టము తీసివేయుడు. మిగులు ఎంతయో మీకే తెలియును. ఈ లెక్కలో నూటికి 2 అను అంకె అమ్మువాని వైపు మొగ్గి వేసినదేయని మఱువకుడు.

ఇక అసలు చిక్కునకు వత్తము. 1 ఏప్రిల్ 2020 నుండి దేశమంతటను క్రొత్త బండ్లకు భారత్ స్టేజి 6 ప్రమాణములు అమలులోనికి వచ్చినవి. మెకానిక్కులు వీనిని బీఎస్ సిక్స్ బండ్లందురు. డీజిలు బండ్లలో ఇందుకై పొగగొట్టమునందు మసి పట్టు జల్లెడవంటి భాగము నమర్చిరి. దీనినే డీపీఎఫ్ అనుచున్నారు. మసి కొంత నిండిన పిమ్మట ఇంజను తనంతట తానే పొగ వేడిని పెంచి, సుమారు 600 డిగ్రీల వేడిలో ఆ మసిని కాల్చివేయును. ఇందులకు బండి కొంతసేపు ఆగక, ఒకే తీరు వేగముతో పరుగెత్తవలయును.

మన బండ్ల కష్టము ఇక్కడనే మొదలగును. జనగామ నుండి జాతీయ రహదారిమీద వరంగల్ ఎనుమాముల మార్కెటుకు పోయివచ్చు బండికి ఈ జల్లెడ బాధ అంతగా నుండదు. ఆ దూరమే దానిని శుద్ధి చేయును. కాని చేను నుండి కల్లమునకు, కల్లము నుండి కొనుగోలు కేంద్రమునకు, తండా నుండి మండల కేంద్రమునకు నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే తిరుగుచు, వరుసలో నిలిచి ఇంజను ఆపక యుండు బండిలో మసి నిండును గాని కాలదు. భూపాలపల్లి అడవి దారులలో, మహబూబాబాద్ మిర్చి చేల నడుమ తిరుగు బండ్లు తఱచుగా ఇట్టివే. ఒకనాడు దీపము వెలుగును. ఇంజను బలము తగ్గును. అప్పుడు షెడ్డులో వినబడు సలహా యొక్కటే: లోపలిది కొట్టించి ఖాళీ డబ్బా బిగించి, కంప్యూటరులో దాని మాట తీసివేయింపుమని. రైతు తొందరలో నుండును. కల్లములో వడ్లుండును, ఆకాశమున మబ్బుండును. ఒప్పుకొనును.

అట్లు ఒప్పుకొనకుండుటకు నాలుగు మాటలు గుర్తుంచుకొనుడు. దీపము మొదట వెలిగినప్పుడే బండిని పెద్దరోడ్డుమీదికి తీసికొనిపోయి, బండితో ఇచ్చిన పుస్తకములో వ్రాసిన వేగముతో, వ్రాసినంతసేపు ఆపక నడుపుడు. సాధారణముగ ఇరువది నిమిషముల పరుగు చాలును. తీరిక లేదని దీపమును వారముల తరబడి ఉపేక్షించిన ఈ ఉపాయము పనిచేయదు. రెండవది, పుస్తకములో చెప్పిన రకపు ఇంజను నూనెనే పోయుడు. తగని నూనెనుండి వచ్చు బూడిద ఎంత వేడికిని కాలక జల్లెడలోనే నిలిచిపోవును. మూడవది, కిరోసిను కలిసిన డీజిలు చవుకగా వచ్చినను ముట్టకుడు. అందలి గంధకము శుద్ధి భాగములకు శత్రువు. నాలుగవది, జల్లెడ నిజముగ పూడినచో దానిని విప్పి శుభ్రపఱచు విధానములు కలవు. తీసివేయుటకు ముందు శుభ్రపఱచుటకు ఎంతయగునో అడుగుడు.

ఈ సందర్భమున నిప్పును గూర్చి ఒక హెచ్చరిక. మసి కాలుచున్న సమయమున సైలెన్సరు మిక్కిలి వేడిగ నుండును. గడ్డిపోచ అంటుకొనుటకు అంత వేడి యక్కఱలేదు. కావున దూరము నడిచివచ్చిన బండిని వరిగడ్డిమీదను, పత్తి రాసి చెంతను, ఎండిన మక్కకంకుల మీదను నిలుపరాదు. క్యాబినుకును సైలెన్సరుకును నడుమనుండు రేకును తీసివేసి తిరుగు బండ్లను నేను ప్రదర్శనలకై పోవు గ్రామములలో చూచుచున్నాను. ఆ రేకు అందము కొఱకు పెట్టినది కాదు. వేడిని అడ్డగించుటకు పెట్టినది.

శుద్ధి భాగమును తీసివేసినచో నష్టమెవరికి? 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ, డీజిలు ఇంజను పొగ మానవులకు క్యాన్సరు కలిగించునని నిర్ణయించి మొదటి తరగతిలో చేర్చినది. 2020 నవంబరులో అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ వెలువరించిన నివేదికలో, అంతకు ముందటి పదేండ్ల కాలమున ఆ దేశమందు 5,50,000కు పైగా డీజిలు పికప్పు బండ్లనుండి శుద్ధి పరికరములు తీసివేయబడినవనియు, తద్వారా గాలిలో చేరిన విషము 90 లక్షల అదనపు బండ్లు రోడ్డెక్కినదానికి సమానమనియు తేల్చిరి. అక్కడ అట్లు చేసినవారును తమ ఒక్క బండితో లోకము చెడునా అనుకొన్నవారే. మన దగ్గఱ ఆ పొగను పీల్చువారెవరు? బండి వెనుక బస్తాలు మోయు హమాలీలు, కల్లములో వడ్లు తూర్పాఱబట్టు స్త్రీలు, ఇంటి ముంగిట ఆడుకొను పిల్లలు. వారు మన బండి మైలేజిలో పాలు పుచ్చుకొనువారు కారు.

చట్టము మాటయు తెలిసికొనవలయును. 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము కంపెనీ నిర్దేశించినదానికి భిన్నముగ బండిని మార్చరాదు. 9 జనవరి 2019న సుప్రీంకోర్టు ఈ విషయమునే స్థిరపఱచినది. ఆ యేడాదియే చట్టమును సవరించి, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి 6 నెలల వఱకు ఖైదు గాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధించుటకు వీలు కల్పించిరి. శబ్ద, వాయు ప్రమాణములు మీఱి నడుపుటకు మొదటి తప్పునకే 10,000 రూపాయల వఱకు జరిమానా చేర్చిరి. పైన వేసిన లెక్కలో ఏడాదికి మిగులునది 2,000 రూపాయలు. ఒక్క జరిమానా రెండున్నర యేండ్ల మిగులును మ్రింగివేయును. 2000 సంవత్సరపు శబ్ద నియమముల ప్రకారము నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. ఆసుపత్రులు, పాఠశాలలు, న్యాయస్థానముల చుట్టు 100 మీటర్ల ప్రాంతమును ప్రభుత్వము నిశ్శబ్ద ప్రాంతముగ ప్రకటింపవచ్చును. సైలెన్సరు ఉండవలెనను నియమము ట్రాక్టర్లకును వర్తించునని ట్రాక్టరు గల సభ్యులు గమనింతురు గాక. ఇంతియెగాక, మార్చిన బండికి కంపెనీ వారంటీ నిరాకరించుటకును, ప్రమాదము జరిగినప్పుడు బీమావారు వివాదము లేవదీయుటకును సందు దొరకును.

సరే, పాతది నిజముగనే చెడినది; మార్పింపవలయును. ఎట్లు ఎన్నుకొనవలయును?

మొదట, మొత్తము చెడినదా, ఒక ముక్కయే చెడినదా యని తేల్చుకొనుడు. తఱచుగ తుప్పుపట్టునది వెనుక డబ్బాయు, తోకగొట్టమును. లీటరు డీజిలు మండిన సుమారు లీటరు నీరు ఆవిరిరూపమున పుట్టును. కొద్ది దూరమే తిరుగు బండిలో గొట్టము సరిగ వేడెక్కక ఆ యావిరి నీరై డబ్బా అడుగున నిలిచి లోపలనుండి తినివేయును. అట్టిచోట వెనుక భాగము మాత్రము మార్చిన చాలును. శుద్ధి భాగము చెంతకు పోనక్కఱలేదు.

రెండవది, బండి మోడలు, తయారైన సంవత్సరము, ఇంజను రకము చూపి, దానికి సరిపోవు భాగపు నంబరు అడుగుడు. కంపెనీ భాగము గాక ఇతరుల భాగము కొన్నను, అదే వెడల్పు, అదే పొడవు, అవే వంపులు, సెన్సార్లకు అవే రంధ్రములు ఉండవలయును. సెన్సారు నిలుపుటకు చోటులేని గొట్టము ఎంత మెఱసినను బీఎస్ సిక్స్ బండికి పనికిరాదు.

మూడవది, లోహము. మామూలు ఇనుము చవుక, కాని త్వరగా తుప్పుపట్టును. అల్యూమినియపు పూత గల ఉక్కు అంతకంటె మేలు. స్టెయిన్‌లెస్ స్టీలు ఎక్కువ కాలము వచ్చును, వెలయు ఎక్కువే. అయస్కాంతమంటినచో స్టెయిన్‌లెస్ కాదనుకొనకుడు. సైలెన్సర్లకు వాడు స్టెయిన్‌లెస్ రకములలో అయస్కాంతమంటునవియు కలవు. కావున బిల్లుపై రకము వ్రాయించుకొనుటయే దారి. నీళ్ల పైపునకు వాడు జీఐ గొట్టమును మాత్రము ఎన్నటికిని పెట్టనీయకుడు. దానిపైనున్న జింకు పూత వెల్డింగు వేడికి పొగయై, వెల్డరును జ్వరముతో పడవేయును.

నాల్గవది, బిగించు తీరు. గొట్టము డీజిలు పైపునకు 35 మిల్లీమీటర్లకంటె దగ్గఱగా నుండరాదు. పొగ క్రిందికి గాని, మనుష్యులు నడచు ఎడమ ప్రక్కకు గాని కొట్టరాదు. రబ్బరు వేలాడదీతలన్నియు క్రొత్తవి వేయించుడు. అవి తెగిన బరువంతయు అతుకులమీద పడును. జాయింట్ల గాస్కెట్లు పాతవి మఱల వాడనీయకుడు. పని ముగిసిన పిమ్మట ఇంజను నడుచుచుండగా ప్రతి అతుకు చెంత పొగ కారుచున్నదేమో చూడుడు. కార్బను మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. క్యాబినులో తలనొప్పి, మగత కలుగుటయే దాని గుర్తు. పెట్రోలు, గ్యాసు బండ్లవారు దీనిని మఱింత జాగ్రత్తగ చూడవలయును.

అయిదవది, పాత డబ్బాను షెడ్డులో వదలి రాకుడు. పెట్రోలు బండ్ల శుద్ధి డబ్బాలో ప్లాటినము, పల్లాడియము, రోడియము వంటి విలువగల లోహములు పూతగా నుండును. డీజిలు బండ్ల దానిలోను ప్లాటినము తరగతి లోహములుండును. ఇనుప సామానుగా తూచి ఇచ్చినచో మీరు పోగొట్టుకొనునది ఇనుము కాదు. ఉచితముగ మార్చెదను, పాతది నాకిమ్మను ఉదారుని యుదారతకు కారణ మిదియే.

ఇంతవఱకు చదివిన సభ్యుడు న్యాయముగ ఒక ప్రశ్న అడుగును: మీరు చెప్పునది బాగుగనే యున్నది, కాని కంపెనీ భాగము వెల మేమెక్కడనుండి తెత్తుము? ఈ మాటలో సత్యము కలదు. శుద్ధి భాగములు ఖరీదైనవి. కంతులు కట్టుచున్న చిన్న రైతుకు ఒక్కసారిగ ఆ మొత్తము దొరకదు. చట్టము చెప్పి చేతులు దులుపుకొనుట ఆతనికి సహాయము కాదు. సహకారమనునది ఎరువుల పంపకమునకును, అప్పులకును మాత్రమే పరిమితమైనది కాదని నేను నమ్ముదును. ఈ క్రింది మూడు విషయములను సంఘముల మహాసభలలో చర్చింపుడని కోరుచున్నాను.

సభ్యుల బండ్ల జాబితా మోడలువారీగ తయారుచేసి, సైలెన్సర్లు, ఫిల్టర్లు, ఇంజను నూనె కొఱకు ఇద్దఱు ముగ్గురు డీలర్లనుండి ఒకేసారి ధరలు అడుగవలయును. ఒక్కడు అడిగిన వెలకును, నలుబదిమంది కలిసి అడిగిన వెలకును భేదముండును. ఎరువుల విషయమున ఇది మనకు అనుభవమే. రెండవది, సంఘ నియమములకు లోబడి, శుద్ధి భాగమును శుభ్రపఱచుటకును మార్చుటకును పంట చేతికి వచ్చునంతవఱకు గడువుగల చిన్న అప్పు ఏర్పఱుపవలయును. చప్పుడు గొట్టములకు మాత్రము పైసయు ఇయ్యరాదు. మూడవది, వడ్ల కొనుగోళ్లకు ముందొకసారి, మిర్చి మార్కెటు కాలమునకు ముందొకసారి పొగ పరీక్ష బండిని, నమ్మకమైన మెకానిక్కును సంఘ కార్యాలయమునకు పిలిపించి, సభ్యుల బండ్లన్నియు ఒకే దినమున చూపవలయును. దీపము వెలిగిన బండిని ఆ దినముననే పట్టుకొన్నచో, కల్లము తొందరలో షెడ్డువాని మాటకు లొంగవలసిన యవసరముండదు.

యువకులైన సభ్యులకు ప్రత్యేకముగ ఒక మాట. బండి మీ కష్టార్జితము. దానిపై మీకు ముచ్చటయుండుట సహజము. రంగు వేయించుడు, పేరు వ్రాయించుడు, అద్దమునకు దండ కట్టుడు. కాని తెల్లవాఱుజామున మార్కెటుకు బయలుదేరు బండి ఊరి రోగిని, బాలింతను, పరీక్షకు చదువుకొను పిల్లవానిని లేపకుండ పోయినచో, ఆ బండి యజమానిని ఊరు గౌరవముతో చూచును. బండి బలము దాని గొంతులో లేదు; బస్తాలను చెడకుండ మార్కెటు చేర్చి, మఱునాడును అదే పనికి సిద్ధముగ నుండుటలో నున్నది. సభ్యులు ఈ విషయములను తమలో తాము చర్చించి, మంచిదని తోచినచో రాబోవు సభలోనే తీర్మానము చేయుదురని ఆశించుచున్నాను.